పీజీ ఓనర్ దగ్గర ఉండిపోయిన ఆధార్ ఫొటో

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో ఏడాది ఉన్నాను. చేరేటప్పుడు ఓనర్ పోలీస్ వెరిఫికేషన్‌కని ఆధార్ జిరాక్స్ తీసుకుని, ఫోన్‌తో ఫొటో కూడా తీశారు. నేను ఖాళీ చేశాక ఆ ఫొటో పొరపాటున పీజీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. కాపీలు వెనక్కి అడగొచ్చా? నా పేరు మీద ఎవరైనా అప్పు తీసుకుంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: అడగొచ్చు. కానీ జిరాక్స్ తిరిగిచ్చినా గ్రూపులో అందరి గ్యాలరీల్లోకీ దిగిన ఫొటో వెనక్కి రాదు. రెండు రోజులు దాటాక ‘అందరికీ తొలగించు’ కూడా పనిచేయదు. కాబట్టి ముందు ఆ ఫొటోతో ఎవరూ ఏమీ చేయలేకుండా చూసుకోండి.

ఆధార్ నంబరు తెలిసినంత మాత్రాన ఖాతాలో డబ్బు పోదు. ఆధార్‌తో డబ్బు తీయాలంటే వేలిముద్ర లాంటిది కావాలి. అందుకే మైఆధార్ పోర్టల్‌లో ఈరోజే బయోమెట్రిక్ లాక్ చేయండి. ఓటీపీకి ఆధార్‌తో లింకైన మొబైల్ దగ్గర ఉండాలి. తర్వాత సిమ్ షాపులో వేలు పెట్టినప్పుడు 330 అని ఎర్రర్ వస్తే కంగారు పడకండి, మీరు వేసిన లాకే అది. ఊరెళ్లి రేషన్‌కు వేలిముద్ర వేయాలన్నా ముందు అన్‌లాక్ చేసుకోవాలి. అదే పోర్టల్‌లో అథెంటికేషన్ హిస్టరీ తెరిస్తే గత 6 నెలల్లో మీ ఆధార్ ఎప్పుడు వాడారో తెలుస్తుంది.

టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరు మీదున్న సిమ్‌లన్నీ కనిపిస్తాయి. మీది కానిది ఉంటే ‘నాట్ మై నంబర్’ కొట్టండి. అప్పు సంగతికి క్రెడిట్ రిపోర్టు చూడాలి. సిబిల్ లాంటి ఒక్కో క్రెడిట్ బ్యూరో ఏడాదికొకటి ఉచితంగా ఇస్తుంది. చాలామంది స్కోరు చూసి మూసేస్తారు. మీరు ‘ఎంక్వయిరీలు’ చూడండి. మీ పేరుతో ఎవరైనా అప్పుకు దరఖాస్తు పెడితే ఆ జాడ అక్కడ దొరుకుతుంది.

ఇక చట్టం. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామే. అయినా రిట్ పిటిషన్ మామూలుగా ప్రభుత్వం మీద వేసేది, ఆ తీర్పు పట్టుకుని పీజీ ఓనర్ మీద వేయలేం. ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది గానీ, నష్టం కలిగించాలనో లాభపడాలనో, లేదా అలా జరగొచ్చని తెలిసే వెల్లడించారని చూపాలి. ‘పొరపాటున’ అని మీరే రాశారు, కాబట్టి నెగ్గడం కష్టం. 2023 డేటా రక్షణ చట్టం డేటా తుడిపించుకునే హక్కు ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే ఈ హక్కు అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత, 2027 మేలో. పైగా ఆ చట్టం డిజిటల్ డేటాకే: ఫోన్‌లోని ఫొటో దాని కిందికొస్తుంది, ఫైల్లోని జిరాక్స్ రాదు.

అందుకని ఇప్పటికి నోటీసే దారి. ‘ఫలానా తేదీన ఖాళీ చేశాను. నా ఆధార్ కాపీలు ఇక మీకు అవసరం లేదు. 15 రోజుల్లో ఫోన్, క్లౌడ్, గ్రూపుల నుంచి తొలగించి, జిరాక్స్ తిరిగిచ్చి, రాతపూర్వకంగా తెలపండి’ అని వాట్సాప్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపండి. గ్రూపు పేరు, పంపిన నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. అసలు మెసేజ్ చెరపకండి, ఫోన్ మార్చేయకండి. రేపు కోర్టులో ఆ స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే అసలు పరికరం ఉంటే పని తేలిక. మోసం జరిగి డబ్బు పోతే మాత్రం నోటీసుల కోసం ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తర్వాతి పీజీలో మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి 4 అంకెలే కనిపిస్తాయి. పేరు, పుట్టినతేదీ, చిరునామా అందులోనూ ఉంటాయి కాబట్టి జిరాక్స్ మీద ‘ఫలానా పీజీ పోలీస్ వెరిఫికేషన్‌కు మాత్రమే’ అని తేదీతో రాసి సంతకం చేయండి. ఆ రాత ఫొటో అంచునూ అక్షరాలనూ తాకుతూ అడ్డంగా పోవాలి. పక్కన ఖాళీలో రాస్తే కత్తిరించి పారేస్తారు.