అక్షరాల కంటే ముందు మాటలు

అమ్మలూ,

అంగన్‌వాడీ టీచరుగా ఆర్డరు చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నీ మెసేజ్ కూడా చూశాను. చేరి నెల కాలేదు, అప్పుడే తల్లులు వచ్చి "మావాడికి అ ఆలు ఎప్పుడొస్తాయి, పలక మీద ఏం రాయించారు?" అంటున్నారని టెన్షన్ పడుతున్నావు. మూడేళ్లవాడికి అ ఆలు రాకపోతే కొంపేమీ మునిగిపోదు. చూసింది చెప్పుకోడానికి వాడి దగ్గర మాటలున్నాయా లేదా, ముందు అది చూడు.

ఎక్కువగా జరిగేదేమిటంటే, టీచరు బొమ్మల చార్టు మీద కర్ర పెట్టి "ఇదేంటి?" అంటుంది. పిల్లలంతా "మేకా..." అని అరుస్తారు. కర్ర పక్క బొమ్మ మీదికి పోతుంది. చార్టంతా అయిపోయినా ఒక్కొక్కరి నోటి నుంచి ఒక్కో ముక్కే వచ్చింది కదా. నువ్వు ఆ మేక దగ్గరే ఆగు. "మీ ఇంట్లో మేకలున్నాయా?" అను. ఎవడో "మేక పోయింది" అంటాడు. "అయ్యో, మీ మేక తప్పిపోయిందా? ఎటు పోయింది?" "చేలోకి." "చేలోకి పోయి ఏం చేసింది?" ఇక్కడ మాత్రం నువ్వు నోరు మూసుకుని కూర్చోవాలి. వాడు పైకి చూస్తాడు, చొక్కా గుండీ నలుపుతాడు. పక్కపిల్ల జవాబు అందివ్వబోతుంది, ఆపు. కాసేపటికి "కంది మొక్కలు తినేసింది, తాత కర్ర తీసుకొచ్చాడు" అంటాడు. మేక నుంచి తాత కర్ర దాకా వచ్చాడు చూడు! ఎన్ని చార్టులు తిప్పినా ఇది రాదు.

"రొట్టె"ను "లొట్టె" అంటే నవ్వకు, పదిమందిలో దిద్దకు. "రొట్టె తిన్నావా? రొట్టెలోకి ఏం కూర?" అని సరైన మాట నువ్వు అంటూ పో. 'ర' చాలామందికి ఆలస్యంగానే పలుకుతుంది.

కథ రోజుకొకటి కొత్తది వెతకొద్దు. ఒకే కథ వారమంతా చెప్పు. విసుగు నీకే గాని వాళ్లకు కాదు. మూడో రోజుకి నీకంటే ముందు వాళ్లే చెప్పేస్తుంటారు. అప్పుడు వాక్యం మధ్యలో ఆగి వాళ్లనే పూర్తి చేయనివ్వు. పుస్తకంలోంచి చదివేటప్పుడు అక్షరాల కింద వేలు జరుపుతూ చదువు. మాట ఆ గీతల్లోంచి వస్తోందని ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోతుంది. ఇంకో మాట, పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేయకు. చిరుగుతాయి, చిరగనీ. చిరగని పుస్తకం ఎవరూ చదవనిది.

ఇక చెవికి పని చెప్పే ఆటలు. వీటికి పైసా ఖర్చు లేదు. మాట పలుకుతూ చప్పట్లు కొట్టించు. ప-ల-క, మూడు. మి-ర-ప-కా-య, ఐదు. అన్నానికి చేతులు కడుక్కునేటప్పుడు "పేరు 'ర'తో మొదలయ్యేవాళ్లు ముందు రండి" అను. తోపులాట తగ్గుతుంది, పేరులో మొదటి ముక్క విడదీసి వినడం అలవాటవుతుంది. మన తెలుగులో ఇది మంచి సౌకర్యం. త-ల-గ-డ అని నాలుగు చప్పట్లు కొట్టిన పిల్లకి రేపు పలక మీద కనిపించేవీ నాలుగు అక్షరాలే.

ఆ అక్షరాలు పిల్లలకు నాలుగేళ్లు దాటాక, అదీ ఆసక్తి చూసి మొదలుపెట్టు. యాభై ఆరు అక్షరాల చార్టును వరసగా బట్టీ పట్టించకు. పిల్లల మాటల్లో దాదాపు కనపడని ఙ, ఞలతో ఆ వయసులో వాళ్లకేం పని? త, ల, గ, డ, ప తీసుకో. ఈ ఐదింటితోనే తల, గడప, పడగ, తలగడ వచ్చేస్తాయి. తల మీద చెయ్యి పెట్టుకుంటారు, పరిగెత్తి గడప ముట్టుకుంటారు. ప, వ, మ లాంటి ఒకే పోలికవి మాత్రం ఒకే వారంలో చెప్పకు, తికమకపడతారు. హాజరుకి వాళ్ల పేర్లు అట్టముక్కల మీద పెద్దగా రాసి, వాళ్ల కళ్లకు అందే ఎత్తులో తగిలించు. పొద్దున రాగానే ఎవరి పేరు వాళ్లు తీసి డబ్బాలో వేయాలి. మన చార్టులన్నీ సూపర్‌వైజర్ కంటికి అందే ఎత్తులో ఉంటాయి, అదేం తమాషానో!

రాతకు తొందరేం లేదు. వేళ్లలో ఇంకా పట్టు రాదు. చింతపిక్కలు ఏరనివ్వు, బంతిపూలు గుచ్చనివ్వు, ఇసుకలో ముగ్గులు గీయనివ్వు. గుండ్రం తిప్పడం వచ్చిన చేతికి మన అక్షరాలు కష్టం కాదు.

మీ కేంద్రానికి తండా పిల్లలు కూడా వస్తారన్నావు. వాళ్లు అమ్మను "యాడి" అంటే, నువ్వూ ఒకసారి "మీ యాడి ఏం చేస్తోంది?" అని అడుగు. ఇంటి మాట ఇక్కడ తప్పు కాదని తెలిస్తేనే ఆ పిల్ల నోరు విప్పుతుంది. తెలుగు ఆ వెనకే వస్తుంది.

ఎంత పిలిచినా పలకని పిల్లను మొండిది అనేయకు. ముందు చెవి కారుతోందేమో చూడు. చెవిలో చీముంటే మాట సగమే వినపడుతుంది, వినపడనిది నోటికి రాదు. మూడేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా అంతే. పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు ఏడాదికి రెండుసార్లు కేంద్రానికి రావాలి. పేరు రాసిపెట్టి చూపించు. వాళ్లు వచ్చేదాకా ఆగకుండా తల్లిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపితే ఇంకా మంచిది.

ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్ ఎంట్రీలు, గుడ్ల లెక్క, బరువులు... పనికి అంతుండదని నాకు తెలుసు. 1975లో ఈ అంగన్‌వాడీల పథకం మొదలైనప్పుడే బడికి ముందు చదువూ అందులో ఉంది గానీ, జనానికి మనది గుడ్లూ పిండీ ఇచ్చే చోటే. అందుకే పొద్దున మొదటి గంట ఫోను బ్యాగులోంచి తీయకు. పిల్లలు హుషారుగా ఉండేది అప్పుడే. ఎంట్రీలు వాళ్లు పడుకున్నాక చూసుకో.

తల్లుల సంగతికొస్తే, ఎల్‌కేజీలో వేస్తే ఏబీసీడీలు రాస్తారు కదా అంటారు. వాదించకు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా పెట్టిందని, అంటే రెండో తరగతి దాకా ఇది పునాదేనని ఒక్కసారి చెప్పు, చాలు. పిల్లలు నేర్చుకున్నది తల్లిదండ్రులకు చూపించడానికి నెలకోసారి ఈసీసీఈ డే పెడతారుగా, ఆ రోజు పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించకు. వారమంతా విన్న కథను ఒక పిల్ల చేత చెప్పించు. మధ్యలో మర్చిపోతే మిగతావాళ్లు అందుకుంటారు. అయ్యాక ఆ తల్లితో "ఇంటికెళ్లాక మీరూ ఒకసారి అడగండి, ఫోను పక్కన పెట్టి వినండి" అను. ఏబీసీడీల గోల ఆ పూటకి ఎవరూ ఎత్తరు.

నా ట్రంకు పెట్టెలో బొమ్మల కథల పుస్తకాలు కొన్ని ఉన్నాయి. దసరాకి మీ అమ్మతో పంపిస్తాను. అంచులు నలిగాయి, ఒకదానికి అట్ట లేదు. ముందు అట్ట లేని దానితో మొదలుపెట్టు, పిల్లలు దాన్నే ఎక్కువగా అడిగేవాళ్లు.

ఉంటాను,
మీ పెద్దమ్మ