సాయంత్రం ఆట ఎవరికి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా చుట్టుపక్కల సినిమాలు తీసేవాళ్ళకి ఒక తెర ఉండాలని ఎనిమిదేళ్ళ కిందట పదిమందిమి కలిసి చిన్న ఫిల్మ్ ఫెస్టివల్ మొదలుపెట్టాం. తొలి ఏడాది వేసినవి పదకొండు సినిమాలు, అన్నీ మావాళ్ళవే. ఈసారి ఆరు వందలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. రెండు తెరల మీద మూడు రోజులు నడిపాం. అందరూ మెచ్చుకుంటున్నారు. కానీ లెక్క చూసుకుంటే వేసిన డెబ్బైలో మావాళ్ళవి తొమ్మిదే. లోకల్ సెక్షన్ విడిగా పెడదామని కమిటీలో కొందరంటున్నారు, అలా పెడితే స్థాయి తగ్గుతుందని ఇంకొందరు. నాకు ఎటూ తేలడం లేదు. మీరైతే ఏం చేస్తారు?
— ఒక నిర్వాహకురాలు

జవాబు: ఆ తొమ్మిదీ ఏ వేళకి వేశారో మీరు రాయలేదమ్మా. నాకు ముందు అది తెలియాలి. పదిహేనేళ్ళకు పైగా ఇలాంటి ఫెస్టివల్స్‌కి సినిమాలు ఎంపిక చేస్తున్నాను. పెరుగుతున్న చోటల్లా ఒకటే చూశాను. మనవాళ్ళ సినిమా మొదట సాయంత్రం ఆటలో ఉంటుంది. తర్వాతి ఏడాది మధ్యాహ్నానికి జరుగుతుంది, ఆపై ఏడాది పొద్దున పది గంటలకి. పది గంటల ఆటకి తీసినవాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ తప్ప ఎవరొస్తారు? అప్పుడు మీటింగులో ఎవరో ఒకరు ‘మనవాళ్ళ సినిమాలకి జనం రావడం లేదండీ’ అంటారు. జనం రాని వేళ చేతికిచ్చి ఆ మాట అనడం అన్యాయం. నేను గట్టిగానే పోట్లాడాను దీనికోసం, కొన్నిసార్లు ఓడిపోయాను కూడా.

విడి సెక్షన్ పెట్టగానే స్థాయి పడిపోదు. ఫ్రాన్స్‌లోని క్లెర్మాఁ-ఫెరాఁ ఫెస్టివల్ 1979లో యూనివర్సిటీ ఫిల్మ్ క్లబ్ వాళ్ళు జరుపుకున్న లఘుచిత్రాల వారం. ఇవాళ లఘుచిత్రాలకి ప్రపంచంలో అంతకు మించిన పండగ లేదు. అంత పెరిగినా ఫ్రెంచి సినిమాలకి జాతీయ పోటీ విడిగానే ఉంచుకున్నారు, దానికి సొంత జ్యూరీ, సొంత బహుమతులు ఉన్నాయి. అంత మర్యాద ఇవ్వగలిగితే మీరూ పెట్టండి. మూల గదిలో, జ్యూరీ లేకుండా, ‘పాపం మనవాళ్ళు’ అన్నట్టు పెట్టేదైతే వద్దు.

నేనైతే ప్రస్తుతానికి కలిపేస్తాను. ఆట ఒక్కోటి ఎనభై, తొంభై నిమిషాలనుకుంటే ఆరేడు సినిమాలు పడతాయి. మీ తొమ్మిదీ దాదాపు ఆటకొకటి వస్తాయి. వాటిని మొదట వేయకండి, ఆలస్యంగా వచ్చేవాళ్ళు చూడరు. చివరా వద్దు, అప్పటికి కొందరు లేచిపోతారు. మూడోదిగానో నాలుగోదిగానో వేయండి. హాలు నిండుగా ఉండేది అప్పుడే. బయటి సినిమా కోసం వచ్చినాయన పక్కవీధి కుర్రాడి సినిమా చూసి, బయటికొచ్చాక వాడి భుజం తడతాడు. నేను కళ్ళారా చూశాను.

ఇంకో లెక్క కూడా తీయండి. మీవాళ్ళు పంపినవి ఎన్ని? అరవై వస్తే తొమ్మిది తీసుకున్నారా, పన్నెండే వస్తే తొమ్మిది తీసుకున్నారా? అరవై అయితే గొడవ ఎంపికలో ఉంది, కమిటీతో కూర్చుని సర్దుకోవచ్చు. పన్నెండే అయితే వాళ్ళు పంపడం మానేశారన్నమాట. నాకు భయం వేసేది దానికే. మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో చెప్పరు.

నా వల్ల మానేసిన ఒకమ్మాయి ఉంది. పద్నాలుగు నిమిషాల సినిమా, అంతా నాయనమ్మతో మాటలే. సౌండ్ 5.1లో, అంటే ఒక్కో స్పీకర్‌కి విడివిడిగా శబ్దం పంపే పద్ధతిలో చేయించుకొచ్చింది. అందులో డైలాగు ప్రధానంగా తెర వెనకున్న సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది. ఆ రోజు హాల్లో ఆ స్పీకర్ పనిచేయలేదు. సంగీతం వినిపించింది, అడుగుల చప్పుడు వినిపించింది, నాయనమ్మ పెదవులు కదిలాయి, మాట మాత్రం లేదు. నేను హడావుడిలో టెస్ట్ చేయకుండా వదిలేశాను. సినిమా అయ్యాక ఆ పిల్ల మైకు పట్టుకుని నిలబడితే ఎవరికీ అడగడానికి ఏమీ లేదు. మళ్ళీ తను ఏదీ పంపలేదు. అప్పట్నుంచి ప్రతి సినిమా ముందురోజే, అదే హాల్లో, మాటలున్న సీను పెట్టి వింటాను. తీసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఫెస్టివల్ పెద్దదయ్యేకొద్దీ టైము లేదంటూ మొదట వదిలేసేది ఈ పనినే. మీరు వదలకండి.

తీసుకోని సినిమాల సంగతి. బయటినుంచి వచ్చిన వందలమందికి ఉత్తరం రాయలేరు, నాకు తెలుసు. మీవాళ్ళకి రాయగలరు. నాలుగు వాక్యాలు చాలు: ఏ సీను మనసుకి పట్టింది, ఏ నిమిషం దగ్గర మనసు పక్కకి పోయింది. ‘ఆరో నిమిషంలో తమ్ముడు తిరిగొచ్చేదాకా కథ ఎవరిదో నాకు తెలియలేదు’ అని రాస్తే దానితో వాళ్ళకి పని ఉంటుంది. ‘పోటీ ఎక్కువగా ఉన్నందున’ అని రాస్తే ఏం చేసుకుంటారు?

ఇక మిగతా పదకొండు నెలలు. అమెరికాలోని సన్‌డాన్స్ అంటే మనకి ఫెస్టివలే గుర్తొస్తుంది. నిజానికి నటుడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 1981లో పెట్టిన సన్‌డాన్స్ ఇన్‌స్టిట్యూట్ ముందు చేసింది కొత్త దర్శకుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ స్క్రిప్టుల మీద అనుభవజ్ఞులతో పని చేయించడం. 1978లో సాల్ట్ లేక్ సిటీలో మొదలై అప్పటికే నడుస్తున్న ఫెస్టివల్‌ని ఆ సంస్థ 1980ల మధ్యలో చేతికి తీసుకుంది. సన్‌డాన్స్ అన్న పేరు దానికి 1991లో పెట్టారు. జపాన్‌లో యమగత డాక్యుమెంటరీ ఫెస్టివల్ 1989లో ఆ నగరం నూరేళ్ళ పండగకి మొదలైంది. దాని వెనక ఒగావా షిన్‌సుకే ఉన్నాడు. ఆ ప్రాంతంలోనే ఒక పల్లెలో ఏళ్ళ తరబడి ఉండి, వరి పండిస్తూ, రైతులతో సినిమాలు తీసినవాడు. అంత పెద్దవి మనకెందుకు అనకండి. నెలకోసారి ఎవరో ఒకరి రఫ్ కట్, అంటే ఎడిటింగ్ ఇంకా పూర్తికాని సినిమా, పెట్టి పదిమంది చూడండి. ఎడిటింగ్ ఇంకా చేతిలో ఉండగా వచ్చిన మాట సినిమాని మారుస్తుంది. బహుమతి వచ్చేసరికి సినిమా అయిపోయి ఉంటుంది.

వచ్చే ఏడాది ఎన్ని ఎంట్రీలు వచ్చాయో నాకు రాయనక్కర్లేదు. తొలి ఏడాది పదకొండు మందిలో ఎంతమంది రెండో సినిమా తీశారో కనుక్కుని రాయండి. నిజంగా ఎదురుచూస్తాను.

ప్రశ్న: నా మొదటి సినిమా ఫెస్టివల్‌లో వేసినప్పుడు హాల్లో పదహారు మంది ఉన్నారు. అందులో నలుగురు నా స్నేహితులు. రెండోది తీయాలంటే కాళ్ళు ఆడటం లేదు.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: 1972లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఫెస్టివల్ మొదలైనప్పుడు తొలి ఆటకి వచ్చింది పదిహేడు మంది. నిర్వాహకుడు హ్యూబర్ట్ బాల్స్ మూట కట్టేయలేదు. ఇవాళ కొత్త దర్శకులు పంపాలని ఆశపడే ఫెస్టివల్స్‌లో అదొకటి. స్నేహితులు కాని ఆ పన్నెండు మందినీ గుర్తు తెచ్చుకోండి బాబూ. ఎక్కడ కదిలారు, ఎక్కడ ఫోను తీశారు, ఎక్కడ ఊపిరి బిగబట్టారు? వెనక వరుసలో నిలబడి చూసుంటే మీకు తెలిసే ఉంటుంది. అది కాగితం మీద పెట్టండి, రెండో సినిమా పని అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ ఎంత నిడివి ఉండొచ్చు?

జవాబు: ఆస్కార్ నిబంధన ప్రకారం 40 నిమిషాలకి మించకూడదు. కానీ ఎంపికకి కూర్చున్నప్పుడు ముప్పై నిమిషాల సినిమా ఒకటి తీసుకుంటే పది నిమిషాలవి మూడు పక్కన పెట్టాలి. మీ కథ ఆ ముగ్గురి చోటు అడుగుతోందంటే అడగనివ్వండి, భయపడి కోయకండి. ఆ 40లో చివర వచ్చే పేర్లు కూడా లెక్కే.