చర్మం చిట్లలేదు, పై దవడ ఎలా విరిగింది?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది అనంతపురం జిల్లా గుత్తి. పోయిన నెల మా తమ్ముడు కర్నూలు నుంచి బైకు మీద వస్తూ డివైడరుకు కొట్టుకుని పడ్డాడు. గడ్డం కప్పని హెల్మెట్ అది. ముఖం వాచిందే తప్ప ఎక్కడా చర్మం చిట్లలేదు. స్కాన్ చూసి పై దవడ విరిగిందని, ‘లెఫోర్ట్ రెండు’ అని చెప్పారు. ఆపరేషన్ చేసి ప్లేట్లు బిగించారు. ఎడమ చెంప, పై పెదవి ఇంకా మొద్దుగానే ఉన్నాయంటున్నాడు. గాయం లేకుండా ఎముక ఎలా విరుగుతుంది? ప్లేట్లు మళ్లీ తీయించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మొదటి సందేహానికి జవాబు వెతికినవాడు రెనే లెఫోర్ట్ అనే ఫ్రెంచి సర్జన్. మృతదేహాల తలలను రకరకాలుగా మొత్తి, తర్వాత మాంసం తొలగించి ఎముకలను పరీక్షించాడు. 1901లో ఫలితాలు ప్రకటించాడు. పైన చర్మం చెక్కుచెదరకపోయినా లోపల ఎముక ముక్కలై ఉండవచ్చని, ఆ పగుళ్లు ఇష్టం వచ్చినట్లు కాక కొన్ని బలహీనమైన దారుల వెంటే పోతాయని తేల్చాడు. మొదటి రకంలో పళ్ల వరుస, అంగిలి మాత్రమే విడిపోతాయి. రెండో రకంలో ముక్కు కూడా వాటితోపాటు కదులుతుంది. మూడో రకంలో చెంప ఎముకలతో సహా ముఖమంతా కపాలం నుంచి వేరవుతుంది. డాక్టరు ఒక చేత్తో పై పళ్లు పట్టుకుని మెల్లగా కదుపుతూ, రెండో చేతి వేళ్లు ముక్కు మొదట్లో ఆనించి చూసేది అందుకే.

మిద్దె బరువును నిట్టాళ్లు మోసినట్లు, నమిలేటప్పటి ఒత్తిడిని ముక్కు పక్కన, చెంప దగ్గర ఉన్న మందపాటి ఎముకలు మోస్తాయి. వాటి మధ్య ఉన్నవన్నీ పలుచని పలకలే. కర్నూలులో పాఠం చెప్పే రోజుల్లో పుర్రెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కనుగుంట అడుగును వెలుతురుకు పట్టేవాణ్ని. ఆ ఎముకలోంచి వెలుగు కనిపించేది. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు. చెంపకు, పై పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ అడుగులోంచే వచ్చి కంటి కింద చిన్న రంధ్రంలోంచి బయటపడుతుంది. రెండో రకం పగులు పోయే దారీ అదే. నరం తెగకుండా నలిగి ఉంటే కొన్ని వారాల నుంచి నెలల్లో స్పర్శ తిరిగి వస్తుంది. కొందరిలో కొద్దిపాటి మొద్దుదనం మిగలవచ్చు. అందాకా టీ వేడిని వేలితో చూసుకుని తాగమనండి. పెదవి కాలినా తెలియదు.

ప్లేట్ల గురించి బెంగ వద్దు. అవి సాధారణంగా టైటానియంవి, శరీరం వాటిని సహిస్తుంది. చీము పట్టడం, స్క్రూ వదులు కావడం, ప్లేటు బయటకు కనిపించడం వంటివి లేకపోతే తీయించనక్కర్లేదు. సర్జను అనుమతించేదాకా జావ, మెత్తటి అన్నం పెట్టండి. వేరుశనగలు, చెరకు వద్దు. ముక్కు గట్టిగా చీదకూడదు.

ఒకటి రెండుగా కనిపించినా, పళ్లు మునుపటిలా కలవకపోయినా, వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారినా ఆ రోజే సర్జను దగ్గరికి తీసుకెళ్లండి. ఆ ద్రవం మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు, జలుబని ఇంట్లో మందు వేసి ఊరుకోవద్దు.