ఎంఆర్‌సీపీ తీశాక మళ్లీ ఈఆర్‌సీపీ ఎందుకు?
అమ్మగారికి కామెర్లు వచ్చాయి, అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళం (కాలేయం నుంచి పేగుకు పిత్తరసం వెళ్లే గొట్టం) ఉబ్బినట్టు కనిపించింది, ముందు ఎంఆర్‌సీపీ, తర్వాత ఈఆర్‌సీపీ అన్నారు, ఒకే పనికి రెండు పరీక్షలా అని కదా మీ అనుమానం. రెండూ ఒకటి కావండి. ఎంఆర్‌సీపీ ఉత్త ఫొటో లాంటిది. ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, పిత్తనాళానికి రాయి అడ్డుపడిందేమో, ఉంటే ఎక్కడుందో చూస్తారు, కోత ఉండదు, రేడియేషన్ ఉండదు.

ఈఆర్‌సీపీ అసలు చికిత్స. నోటి గుండా ఎండోస్కోప్‌ను (కెమెరా ఉన్న సన్నని గొట్టం) చిన్నపేగు దాకా పంపి, పిత్తనాళం తెరుచుకునే చోట చిన్న గాటు పెట్టి, బెలూన్‌తోనో బుట్టలాంటి పరికరంతోనో రాయిని లాగేస్తారు. ఇలా గాటు పెట్టడం 1974లోనే మొదలైంది, కొత్త ప్రయోగమేమీ కాదు. కాకపోతే కొందరికి తర్వాత క్లోమం (ప్యాంక్రియాస్) వాస్తుంది. అందుకే రాయి ఉందో లేదో అనుమానంగా ఉంటే సాధారణంగా నేరుగా ఈఆర్‌సీపీ చేయరు. మీ డాక్టర్ వరస సరైనదే అనిపిస్తోంది. మరీ చిన్న రాళ్లు ఎంఆర్‌సీపీకి చిక్కకపోవచ్చు, అప్పుడు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఎండోస్కోప్‌తో లోపలి నుంచి చేసే స్కాన్) గురించి అడగండి.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. పిత్తనాళంలో ప్లాస్టిక్ స్టెంట్ (నాళం తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేస్తే తీసే తేదీ రాయించుకోండి, మామూలుగా మూడు నెలల్లోపు. చాలామంది ఇదే మర్చిపోతారు, అది మూసుకుపోయి మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తుంది. పిత్తాశయంలోనూ రాళ్లుంటే పిత్తాశయాన్నే లాపరోస్కోపీలో తీయించడం గురించి కూడా మాట్లాడండి.

ఈలోగా చలిజ్వరం వచ్చినా, మాట తడబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.