సాన పట్టించిన కటానా విరిగి గాయమైతే పరిహారం ఎవరివ్వాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. జపాన్ పద్ధతి కత్తిసాధన మీద ఇష్టంతో 22 నెలల క్రితం ఆన్‌లైన్‌లో 14,500 రూపాయలు పెట్టి కటానా అనే జపాన్ పొడవు కత్తి కొన్నాను. మొద్దుగా వచ్చింది. అమ్మినవాళ్లను వాట్సాప్‌లో అడిగితే ‘పదును పెట్టించుకోండి, అరటి బోదెలు, వెదురు కూడా తెగుతాయి’ అన్నారు. మా ఊరి కమ్మరి దగ్గర గ్రైండర్ మీద సాన పట్టించాను. ఐదు నెలల క్రితం మా పెరట్లో మా మేనత్త కొడుకు సరదా పడి అడిగితే ఇచ్చాను. అరటి బోదె మీద వేటు వేయగానే పిడి దగ్గర విరిగి, ఎగిరి అతని పిక్క మీద పడింది. ఆపరేషన్, మందులు కలిపి లక్షా పది వేలు అయ్యాయి. మా చెల్లిని ఆ బావకే ఇద్దామనుకున్నాం. ఇప్పుడు మేనత్త మాతో మాట్లాడడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కంపెనీ వాళ్లు ‘అది అలంకరణ వస్తువు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. కత్తి పదునుతోనే వచ్చిందని కమ్మరి చేత ఉత్తరం రాయిస్తే కేసు గట్టిపడుతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. ముక్కలు కాలవలో పారేయమని నాన్న అంటున్నారు. ఆసుపత్రిలో మాత్రం కొబ్బరికాయలు కొడుతుంటే కత్తి తగిలిందని చెప్పాం. మాకు పరిహారం వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో మేనత్త గారి కోపం, చెల్లెలి సంబంధం గురించి కూడా రాశారు. ఆ సంగతి ఇంటి పెద్దలు చూసుకోవాలి. మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద. కత్తి ఎక్కడ విరిగింది? సాన తగిలిన చోటా, తగలని చోటా?

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. వస్తువులో లోపం వల్ల మనిషికి గాయమైతే తయారుచేసినవాడినీ అమ్మినవాడినీ పరిహారం అడిగే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. కానీ ప్రమాదం జరిగేనాటికి వస్తువును దుర్వినియోగం చేసినా, దానిలో మార్పులు చేసినా అమ్మినవాడి మీద ఆ దావా నడవదని అదే చట్టం 87వ సెక్షన్ చెబుతోంది. అవతలి లాయరు మొదటి పేజీలోనే ఇది ఎత్తుతాడు. ‘మేం మొద్దు కత్తి అమ్మాం, వీళ్లు దాన్ని మార్చారు’ అంటాడు. మీరు గ్రైండర్ మీద పెట్టించిన మాట నిజమే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. సాధనకు పనికొచ్చే కటానాలో ఉక్కు పలక పిడి లోపలికి చాలా దూరం దిగి ఉంటుంది. దాన్ని వెదురు మేకుతో పిడికి బిగిస్తారు. మీ కత్తిలో అలా లేదు. పలక పిడి దగ్గరే ఆగిపోయింది. లోపల ఒక సన్నటి కడ్డీని అతికించినట్టు కనిపిస్తోంది. విరిగింది ఆ అతుకు దగ్గరే అయితే అక్కడికి సాన రాయి చేరే వీలు లేదు. అంటే ఆ లోపం కత్తి మీ ఇంటికి వచ్చిన రోజు నుంచే ఉంది. అలా కాకుండా పలక మధ్యలో విరిగి ఉంటే నేను మీకు ఇంత ధైర్యం చెప్పేవాడిని కాదు. జపాన్‌లో కత్తికి నీళ్లు పోస్తూ రాళ్ల మీద చేత్తో, మెల్లగా పదును తెస్తారు. మన గ్రైండర్ మీద నీళ్లు లేకుండా రుద్దితే అంచు కాలి నీలం తిరుగుతుంది, ఉక్కు గట్టిదనం పోతుంది. అప్పుడు తప్పు మీ వైపే వచ్చేది.

ఇంకొకటి మీకు మేలు చేసేది ఆ వాట్సాప్ మెసేజ్. ‘పదును పెట్టించుకోండి, వెదురు కూడా తెగుతుంది’ అని అమ్మినవాడే రాశాడంటే అది అతను ఇచ్చిన హామీ. అలంకరణ వస్తువని ఇప్పుడు తప్పించుకోవడం కష్టం. పైగా మీ బావ కొట్టింది అరటి బోదెను. అది ఎంత మెత్తగా ఉంటుందో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దాని మీద విరిగిన కత్తిని మీరు దుర్వినియోగం చేశారని అనడం తేలిక కాదు. ఆ రోజు తీసిన వీడియో ఉంటే డిలీట్ చేయకండి. సోషల్ మీడియాలో పెట్టి ఉంటే ఇతరులకు కనిపించకుండా చేయండి, అసలు ఫైలు మాత్రం దాచండి.

అమ్మినవాడిని ఒక్కడినే పార్టీగా చేయొద్దు. తయారీదారును కూడా చేర్చండి. 87వ సెక్షన్‌లోని ‘మార్పు’ అడ్డంకి అమ్మినవాడికి రాసింది, తయారీదారుకు కాదు. తయారుచేసింది ఎవరో పెట్టె మీద లేకపోతే, అమ్మినవాడిని రాతపూర్వకంగా అడగండి. తయారీదారు ఎవరో తెలియని వస్తువుకు అమ్మినవాడే తయారీదారు స్థానంలో నిలబడి జవాబు చెప్పాలని 86వ సెక్షన్ అంటోంది.

ఇప్పుడు గడువు. ఇక్కడ మీ అజాగ్రత్త చూస్తే బాధ కలుగుతోంది. 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. గాయం పరిహారానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్క, కాబట్టి ఇంకా సమయం ఉంది. కత్తి ధర వెనక్కి అడగాలంటే కొన్న రోజు నుంచే లెక్కని అవతలివాళ్లు వాదిస్తారు. ఆ లెక్కన మీకు మిగిలింది రెండు నెలలు. కస్టమర్ కేర్‌తో ఇన్నాళ్లు మెయిళ్లు నడిపారు, అవి గడువును ఒక్క రోజు కూడా పెంచవు. లాయరు నోటీసు కూడా పెంచదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, కారణం చూపాలి. కంపెనీ జవాబు కోసం ఎదురుచూశాం అంటే చాలదు.

ఆసుపత్రిలో చెప్పిన అబద్ధం మరీ పెద్ద తప్పు. కత్తి గాయం కాబట్టి కేసు షీటులో ‘కొబ్బరికాయలు కొడుతుండగా’ అని రాసి ఉంటారు. పరిహారం అడిగేటప్పుడు మీ చేతిలో ఉన్న అతి ముఖ్యమైన కాగితం అదే. అదే మీ కథకు అడ్డం తిరిగింది. డాక్టరు గారి దగ్గరకు వెళ్లి రికార్డు దిద్దమని అడగొద్దు. భయంతో అలా చెప్పామని, నిజంగా జరిగింది ఇదని మీ బావ ఒక అఫిడవిట్ ఇవ్వాలి. ఫిర్యాదుతో పాటే ఇవ్వాలి. అవతలివాళ్లు బయటపెట్టాక ఇస్తే విలువ ఉండదు. ఆ రోజు అతను మందు తాగి ఉన్నాడా అన్నది కూడా నాకు దాచకుండా చెప్పండి.

మీ స్నేహితుడి సలహా గురించి. కమ్మరి చేత అలాంటి ఉత్తరం రాయించారా, మీరు మునిగినట్టే. ల్యాబ్‌లో పెట్టిన మొదటి గంటలోనే గ్రైండర్ గీతలు కనిపిస్తాయి. వినియోగదారుల కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణే, అక్కడ దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. మీతో పాటు ఆ కమ్మరినీ లాగుతారు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన 2016 నిబంధనల్లోని ఆయుధాల జాబితాలో కత్తులు, 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన పలక ఉన్న ఆయుధాలు ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మాత్రమే మినహాయింపు. మీ ఇంట్లో బోండాలు కొట్టే కత్తి ఆ మినహాయింపులోకి వస్తుంది, కటానా రాదు. ‘పదునుతో కొన్నాను’ అని కాగితం మీద రాయించడం అంటే ఆయుధం కొన్నానని మీ చేత్తో మీరే రాసివ్వడం. పోలీసులు ఆ చట్టం కింద కేసు పెడితే ఇలాంటి ఆయుధాలకు లైసెన్స్ ఉండాలని 4వ సెక్షన్ కింద మీ ప్రాంతానికి వర్తించేలా ఇచ్చిన గెజిట్ నోటిఫికేషన్‌ను కోర్టులో చూపించాలి, అది చూపలేకపోతే కేసు నిలవదు. అయితే ఆ వాదన కేసు వచ్చాక చేసుకోవాల్సింది. దాన్ని నమ్ముకుని ఇంకో కత్తి తెప్పించకండి. సంక్రాంతికి ముందు కోడికత్తుల కోసం పోలీసులు కొలిముల దగ్గర సోదాలు చేసే ప్రాంతం మనది. సాన పట్టినవాడి పేరు అనవసరంగా పోలీసు రికార్డులోకి తేకండి.

కాలవలో పారేయమన్న నాన్న గారికి కూడా చెప్పండి. ఆ ముక్కలే మీ కేసు. అవి పోతే అతుకు ఎక్కడుందో చూపించడానికి ఏమీ మిగలదు, సాక్ష్యం మాయం చేశారన్న నింద అదనం. రెండు ముక్కలూ, పిడీ, వెదురు మేకు లాంటిది ఏదైనా ఉంటే అదీ, తుడవకుండా గోనె గుడ్డలో చుట్టి తాళం వేసి పెట్టండి. బండి మీద వేసుకుని వెల్డింగ్ షాపులకు తిప్పొద్దు. ఫిర్యాదుతో పాటే వాటిని కమిషన్‌కు అప్పగిస్తామని పిటిషన్ వేద్దాం. సీలు వేసి ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. రుసుము మీరు కట్టాలి. ల్యాబ్ నివేదికకు 45 రోజులు గడువు.

ఫిర్యాదు కంపెనీ ఉన్న ఊళ్లో వేయక్కర్లేదు. మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు పెట్టిన సొమ్ము ఐదు లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. కత్తి ధర అడిగేది మీరు. గాయం పరిహారం అడగాల్సింది మీ బావ, ఎందుకంటే కొన్నవాడి ఒప్పుదలతో వాడినవాడు కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. అతని సంతకం లేకుండా ఆ లక్షా పది వేలు అడగలేం. ఆసుపత్రి బిల్లులు అతని పేరున ఉన్నాయో మీ పేరున ఉన్నాయో చూసుకోండి. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. ప్రింట్‌లతో పాటు, ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. కత్తి అమ్మిన పేజీ ఇంకా ఉంటే తేదీ కనిపించేలా ఇవాళే తీసి పెట్టుకోండి, వివరాలు ఎప్పుడైనా మార్చేయగలరు.

కమ్మరి గురించి ఒక మాట. మీరు అతని చేత అబద్ధం చెప్పిద్దామనుకున్నారు. నిజం చెబితే అతనే మీకు అన్నిటికన్నా పనికొచ్చే సాక్షి. సాన రాయి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తగిలిందో చెప్పగలిగింది అతనొక్కడే. పిడి ఊడదీసి సాన పట్టాడా, పిడి ఉండగానే పట్టాడా? అతన్ని భయపెట్టకుండా అడిగి, ఆ జవాబు నాకు రాయండి. పిడి ముట్టుకోలేదని అతను చెబితే వచ్చే వారమే ఫిర్యాదు తయారుచేద్దాం.