సోడియం కర్ణుడు కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

క్షార లోహాల (లిథియం, సోడియం, పొటాషియం, సీజియం వగైరా) మీద నీ వ్యాసం అందింది. వాక్యం హాయిగా నడుస్తోంది. కానీ ‘సోడియం తన చివరి ఎలక్ట్రాన్‌ను సంతోషంగా దానం చేసి నియాన్‌లా ప్రశాంతంగా కూర్చుంటుంది’ అన్నావే, అక్కడ ఒళ్లు మండింది.

సోడియం కర్ణుడు కాదు. విడి పరమాణువులోంచి అన్నిటికన్నా బయటి పొరలో (3ఎస్) ఉన్న ఆ ఒక్క ఎలక్ట్రాన్‌ను లాగాలంటే మోల్‌కి 496 కిలోజౌళ్లు పెట్టాలి. క్లోరిన్ దాన్ని పుచ్చుకుంటే తిరిగొచ్చేది 349. ఇంకా నష్టమే! అయాన్లన్నీ చేరి ఉప్పు స్ఫటికంగా కుదురుకున్నప్పుడు వెలువడే 787 వల్లే గట్టెక్కుతాం. ఇందులో సంతోషమెక్కడుంది? పరమాణువుకి మనసు పెట్టావంటే పాఠకుడు ‘ఎందుకు’ అని అడగడం మానేస్తాడు.

నా తొలి వ్యాసంలో ఈ అంకెలన్నీ ఉండేవి. సంపాదకుడొకాయన ‘జనం పారిపోతారు’ అని కొట్టేసి, ఆ చోట ‘ఉదార స్వభావం’ అని చేర్చి అచ్చేశాడు. కింద నా పేరు! రాసింది వేసుకునేవాళ్లే కరువైన రోజులు, నోరు మూసుకున్నాను. ఇప్పుడు మరీ ఘోరం, ప్రతి మూలకానికీ ఓ ప్రేమకథ.

నీ దానకథ లిథియం దగ్గర కూలుతుంది. ఆవర్తన పట్టికలో ఈ లోహాల నిలువు వరుసలో కిందికి పోయేకొద్దీ పరమాణువు పెద్దదై, లోపలి కర్పరాలు, అంటే ఎలక్ట్రాన్ల పొరలు, అడ్డొచ్చి, చివరి ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు సడలుతుంది: దాన్ని లాగాలంటే లిథియంకి 520 కిలోజౌళ్లు, సీజియంకి 376. అంటే లిథియం పరమ పిసినారి. మరి నీటి ద్రావణంలో, ఈ కుటుంబం మొత్తంలో అత్యంత రుణాత్మకమైన ప్రమాణ పొటెన్షియల్ (ఇది ఎంత రుణాత్మకమైతే ఎలక్ట్రాన్‌ను వదిలే మొగ్గు అంత ఎక్కువ), మైనస్ 3.04 వోల్టులు, దానిదే ఎలా అయింది? ఆ బుల్లి అయాన్ చుట్టూ నీటి అణువులు బిగుసుకున్నప్పుడు అంత శక్తి విడుదలవుతుంది కనక. అయినా నీళ్లలో వేస్తే సోడియంకన్నా నిదానం. సోడియం 98 డిగ్రీలకే కరిగి బంతై పరుగెడుతుంది, లిథియం కరగాలంటే 180 కావాలి. శక్తి వేరు, వేగం వేరు. నువ్వు రెంటినీ ఒకే మాటలో కలిపేశావు.

ఈ లోహాలు నీళ్లలో పడితే వచ్చే పేలుడుకి హైడ్రోజన్ మంటే కారణమని తేల్చేశావు. 2015లో చెక్ రసాయన శాస్త్రవేత్త పావెల్ యుంగ్విర్త్ బృందం హైస్పీడ్ కెమెరాతో పట్టుకున్నది చదువు. సోడియం–పొటాషియం మిశ్రమలోహపు బొట్టు నీటిని తాకగానే ఎలక్ట్రాన్లు నీటిలోకి పోతాయి. మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని, మిల్లీసెకనులోపే లోహం ముళ్లలా చిమ్ముతుంది.

నీ కలంపేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు లిథియం పేరా తిరగరాసి పంపు. పత్రికవాళ్లు నిడివి తగ్గించమంటే నీ ఉపోద్ఘాతం కొట్టెయ్యి, అంకెల జోలికి మాత్రం రానివ్వకు.