వరి ఆకుల తుప్పు మచ్చలకు వేపాకు నానో జింక్ పనిచేస్తుందా?

నెల్లూరు పక్క చెరువు కింది మడి, పిలకలు వేసే వరి, ముదురు ఆకుల కొసల్లో తుప్పు చుక్కలు ఉన్నాయని, వేపాకు రసంతో చేసిన నానో జింక్ వాడొచ్చా అని మీరు అడిగారు. ముందు ఒక దుబ్బు పీకి వేళ్లు కడగండి. వేళ్లు పలచబడి, ముదురు గోధుమ లేదా నల్లటి పొర పట్టి, చాలావరకు చచ్చి ఉంటే ఇనుము ఎక్కువైందని అనుమానించాలి. నీళ్లు నిలిచి గాలాడని నేలలో ఇనుము కరిగే రూపంలోకి మారుతుంది, వేరు దాన్ని అతిగా పీల్చేస్తుంది.

వేపాకు రసం జింక్ లవణాన్ని అతిసూక్ష్మ రేణువులుగా మారుస్తుంది, వాటికి పూతలా అంటుకుంటుంది. మొక్కకు అందేది ప్రధానంగా జింకే. ఆ బలంతో మొక్క కొంత తట్టుకోగలదు కానీ, నేలలో ఇనుము తగ్గదు. అందుకే, దయచేసి డబ్బు ముందు ఈ నానో జింక్ మీద పెట్టకండి. మురుగు కాలువ తీసి, సన్న నెర్రెలు పడేదాకా మడి ఆరనిచ్చి మళ్లీ నీళ్లు కట్టండి. పొటాష్ మాత్రం తగ్గించొద్దు.